సంతోషమ్మ కుట్టిన దూడ

సంతోషమ్మ కుట్టే దూడలన్నీ నిద్రపోతూ ఉంటాయి.

చచ్చిన దూడ తోలు ఒలిచి, ఉప్పు పట్టించి, నీడన ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి కుట్టడం ఆమెకు మామ నేర్పిన పని. బిడ్డ పోయిన ఆవు పాలు చేపదు. పొదుగు నిండుగా ఉన్నా బిగబట్టుకుంటుంది. ఈ గడ్డిదూడను ముందు పెడితే వాసన చూస్తుంది, నాకుతుంది, నాకుతూ నాకుతూ పాలు వదులుతుంది. మామ కాలంలో కళ్ల చోట చింతగింజలు అతికించేవారు. సంతోషమ్మ ఆ గింజలు పీకేసి, రెప్పలు దగ్గరికి లాగి సన్నదారంతో కుట్టడం మొదలుపెట్టింది.

"సూస్తా వుండే దూడ అరవకుంటే తల్లికి అనుమానం వస్తాది. పండుకునే దూడ అరవదు గదా" అనేది, అడిగినవాళ్లతో.

ఆమె వెళ్లే చర్చి పెద్దలు ఇది నోరులేని జీవాన్ని మోసం చేయడమన్నారు. వాళ్లు తాగే టీలోనూ పాలే ఉండేవి కాబట్టి ఆమె పెద్దగా పట్టించుకోలేదు.

డెబ్బై ఎనిమిదిలో, మామిడి పూతకొచ్చిన రోజుల్లో, బంగారుపాళ్యంలో మామిడికాయల మండీ నడిపే దేవరాజులు ఇంట్లో గౌరి అనే ఆవు ఈనింది. పదమూడో రోజున దూడ పోయింది. దేవరాజులుది గొప్ప గోభక్తి. శుక్రవారం వచ్చిందంటే గౌరి నుదుట బొట్టు పెట్టి, తోక కళ్లకద్దుకునేవాడు. దూడ తోలు మాటెత్తితే చెవులు మూసుకున్నాడు. కానీ కాఫీ మానలేడు. భక్తికీ కాఫీకీ పేచీ వచ్చిన ఇళ్లలో గెలిచేది కాఫీయే, కాకపోతే పెరటి దారిన గెలుస్తుంది. సంతోషమ్మ చచ్చిన దూడను తీసుకుపోయి, కుట్టిన గడ్డిదూడను పెరటిగోడ మీదుగా అందించింది. దేవరాజులు భార్య శకుంతలమ్మ దాని మీద నీళ్లు చల్లి అందుకుంది. ఎన్నేళ్లుగానో సంతోషమ్మ పని గోడ దగ్గరే ముగిసేది. తాను కుట్టిన దూడను ఏ ఆవైనా నాకడం ఆమె ఒక్కసారీ చూడలేదు.

అందించిన నాలుగో రోజు సాయంత్రం ఆ ఇంటినుంచి పిలుపొచ్చింది. వెళ్లేసరికి గోడకు అవతల దేవరాజులు గొంతు.

"మూన్నాళ్లాయె. ఆవు దాని పక్క తిరిగి గూడా సూడలేదు. జెర్సీ ఆవయితే దూడ ఉన్నా లేకున్నా ఇస్తాది, మిషను మాదిరి. ఆదివారం గురప్ప వస్తాడు, దీన్ని తోలించేస్తా."

గురప్ప పశువుల బేరగాడు. కొన్నవాటిని అరవదేశం వైపు తోలుకుపోతాడు. ఆ తరువాత వాటి గతేమిటో బొట్టుపెట్టి పూజించినవాళ్లెవరూ అడగరు.

సంతోషమ్మ గోడ మీదుగా తొంగిచూసింది. గౌరి మూలకు తిరిగి నిలబడి ఉంది. గడ్డిదూడ పచ్చగా మెరుస్తోంది. ఒళ్లంతా పసుపు, నుదుట రూపాయంత కుంకుమ. పక్కనే సాంబ్రాణి పొగ.

"ఏందమ్మా ఇది?"

"చచ్చిన తోలు గదా మే, ఊరికే ఎట్ల ఇంట్లో పెట్టుకునేది?" అంది శకుంతలమ్మ. "శుద్ధి జేసినా. దినామూ పొగ గూడా వేస్తా వుండా."

"బాగా జేసినారు. దూడను దేవుణ్ణి జేసి పెట్టినారు. ఆవుకు దేవుడెందుకమ్మా? దానికి బిడ్డ వాసన గావాల. దూడ పండుకున్న గోనెపట్ట యాడుండాది?"

"అదీ కాల్చేస్తిమే."

సంతోషమ్మ ఒక్క క్షణం ఆలోచించి ఇంటికి పరుగెత్తింది. తోలు ఒలిచినప్పుడు కింద పరిచిన పాతచీర ఇంకా ఉతకలేదు. దాన్ని చుట్టచుట్టుకుని, గుప్పెడు ఉప్పుతో తిరిగొచ్చింది.

"ఈడ నుంచి ఇస్తే కుదరదమ్మా. నేను లోపలికి రావాల."

పశువుల కొట్టం వంటింటిని ఆనుకుని ఉంది. సంతోషమ్మ వీధివాళ్లు ఆ పెరట్లో ఎన్నడూ అడుగుపెట్టలేదు. శకుంతలమ్మ మొగుడి వైపు చూసింది. దేవరాజులు పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో అనుమతి అంటే అదే. ఆమె పెరటి తలుపు గడియ తీసింది.

సంతోషమ్మ దూడ ఒంటి మీది పసుపూ కుంకుమా కడిగింది. ఉప్పు రుద్ది, చీర చుట్టి, కుట్టేటప్పుడు పెట్టుకున్నట్టే దాని తల ఒళ్లో పెట్టుకుని గడ్డిలో కూర్చుంది. తోటల మీద మంచు దిగుతోంది. పూత వాసన గాలిలో కదలకుండా నిలిచి ఉంది. కొట్టం కప్పు, గోడ, శకుంతలమ్మ చేతిలో చెంబు, అన్నీ మెల్లగా మసకలోకి జారుకున్నాయి. ఆ మసకలోంచి గౌరి తల ఒకటే పెద్దదవుతూ వచ్చింది. వెచ్చటి ఊపిరి తగిలింది. గరుకు నాలుక ముందు దూడ నుదురు నాకింది, తరువాత కుట్టిన రెప్పలు, ఆ తరువాత చీర చెంగు, చివరికి సంతోషమ్మ మణికట్టు. ఏది దూడో ఏది తానో సంతోషమ్మకే తెలియలేదు. తాను కుట్టినవన్నీ, పాతికో ముప్పయ్యో, ఒక్కసారి నిద్రలో కదిలినట్టనిపించింది. ఎక్కడో దూరంగా చెంబులో పాలు సుయ్ సుయ్ మని పడుతున్నాయి.

"సేపింది మే, సేపింది!" పాలు పిండుతున్న శకుంతలమ్మ కేక వేసింది.

పేపరు వెనుక నుంచి దేవరాజులు అడిగాడు. "అది దూడ గాదని ఆవుకు తెలియదంటావా?"

సంతోషమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నేను కండ్లు కుట్టింది దూడకు సామీ, ఆవుకు గాదు."

 

ఆదివారం గురప్ప వచ్చి వీధి అరుగు మీద కూర్చుని, కాఫీ తాగి, ఉత్త చేతులతో వెళ్లిపోయాడు. గౌరి వట్టిపోయేదాకా సంతోషమ్మ రెండు పూటలా పెరటి తలుపు దారినే వచ్చేది. ఆ చీరను మాత్రం ఆ ఏడాదంతా ఉతకలేదు.