బ్రాకెట్ల మధ్య మా అత్త

సిరొంచ బజారులో మాది ఎరువులు, పురుగుమందుల దుకాణం. అందులో అన్నింటికన్నా పాత సామాను ఒక ఇనుప స్టూలు. ముప్పై ఏళ్లుగా దాని మీద మా అత్త కూర్చుంటోంది. రైతు తెగులు పట్టిన వరి మొక్క తెచ్చి బల్ల మీద పెడితే ఏ మందు వెయ్యాలో ఆమె చెప్పాలి, నా భర్త సీసా తియ్యాలి. వ్యవసాయం చదివిన మనిషి ఆయన. బడి మొహం చూడని మనిషి ఆమె. ఈ ఏర్పాటు గురించి నేనెన్నడూ నోరు విప్పలేదు, రోజుకు రెండుసార్లకు మించి.

కిందటేడు అత్తకు కళ్లలో పొర ముదిరింది. ఒక కంటికి ఆపరేషన్ అయినా చూపు సరిగా రాలేదు. రెండో దానికి ముందు షుగర్ తగ్గాలన్నారు. ఆమె ఆకును ముక్కుకు ఆనించుకుని చూడడం మొదలుపెట్టింది. అది నా భర్తకు నామోషీ అయింది.

"అమ్మను ఇగ ఇంట్ల కూసోబెడ్దాం. రైతులు నవ్వుతున్నరు," అన్నాడు.

"నవ్వుకుంటనే ఆమె చెప్పిన మందు కొంటలేరా?"

"ఎన్నొద్దులు కొంటరు?"

జవాబు లేనప్పుడు నేను పెద్ద మాట అంటాను. "ఆమె తలకాయల ఉన్నదంత నేను కంప్యూటర్ల పెడ్త. అప్పటిదాంక ఆ స్టూలు ముట్టకుండ్రి," అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. పెళ్లయ్యాక ఆయన నా మాటకు అంత తొందరగా ఒప్పుకోవడం అదే మొదటిసారి. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

నేను చంద్రపూర్‌లో కంప్యూటర్ డిగ్రీ చదివాను. చివరి ఏడాది ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్ అని ఒక పేపరు ఉండేది. ఒక పనిలో ఆరితేరిన మనిషికి తెలిసినదంతా 'ఇలా ఉంటే ఇది, అలా ఉంటే అది' అని సూత్రాలుగా రాసి యంత్రానికిస్తే, అది కూడా ఆ మనిషిలాగే ప్రశ్నలు అడిగి తీర్పు చెబుతుందని అందులో పాఠం. వాటిని లిస్ప్ అనే భాషలో రాసేవారట. మా కాలేజీలో లిస్ప్ ఉన్న యంత్రం ఒక్కటీ లేదు. సార్ నల్లబల్ల మీద రాసిన ప్రోగ్రాం నల్లబల్ల మీదే నడిచింది. నాకు ఫస్ట్‌క్లాసు కూడా వచ్చింది.

అలాంటి వ్యవస్థలు కట్టుకోవడానికి లిస్ప్‌లోనే రాసిన టూల్‌కిట్ ఒకటి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికింది. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే నది అవతలి టవరు అందుతుంది కాబట్టి ల్యాప్‌టాప్‌ను ట్యాంకు మూత మీద పెట్టి దించుకున్నాను. ముందు లిస్ప్, తర్వాత టూల్‌కిట్. వెంట వచ్చిన సూచనల ఫైల్లో 'దీన్ని లోడ్ చేయండి' అని ఒకే ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం నాకు పదకొండు రోజులు పట్టింది. మొదట నా ఫోల్డరు పేరులో రెండు మాటల మధ్య ఖాళీ ఉందని అలిగింది. తర్వాత తన పాత రోజుల్లో ఉన్న ఏదో ఫంక్షన్ ఇప్పుడు లేదని మొరాయించింది. అయితే లిస్ప్‌లో ఒక మర్యాద ఉంది. తప్పు చేశావని చెప్పి ఊరుకోదు, కింద నంబర్లేసి దారులు చూపిస్తుంది. సున్నా నొక్కితే మళ్లీ ప్రయత్నం, ఒకటి నొక్కితే వేరే ఫైలు, రెండు నొక్కితే అన్నీ వదిలేసి మొదటికి. నేను తప్పు చేసినప్పుడు ఇన్ని దారులు చూపించినవాళ్లు మా ఇంట్లో ఇంతవరకూ లేరు.

చివరికి లోడ్ అయింది. తెలుగులో రాసిన ప్రశ్నలు మాత్రం తెర మీద చిన్న చిన్న డబ్బాలుగా వచ్చాయి. అక్షరాల సెట్టింగు సరిచేయడానికి ఇంకో మూడు రోజులు.

తర్వాత అత్తను అడగడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం దుకాణం మూసిన రెండు గంటలు ఆమె చాటలో పెసరపప్పు పోసుకుని వేళ్లతో తడిమి రాళ్లు ఏరేది. పక్కన నేను ల్యాప్‌టాప్‌తో.

"అత్తమ్మా, సుడిదోమ అని ఎట్ల తెలుస్తది?"

"చూస్తె తెలుస్తది."

"కంప్యూటర్‌కు కండ్లు లేవత్తమ్మా."

"నాకు మాత్రం ఉన్నయా?" అని ఒక రాయి అవతల పారేసింది. "సరే, రాసుకో. పొలం నడుమ గుండ్రంగ ఎండిందా అని అడగాలె. అవునంటె దుబ్బు మొదట్ల తట్టి చూడమనాలె. దోమలు నీళ్ల మీద రాల్తె అదే."

"రాలకపోతె?"

"రాలకపోతె వేరే ఏందో. గప్పుడు నడిమి ఆకు మొగి పీకమను. చేతిలకు వస్తె కాండం తొలిచే పురుగు."

ఆ నాలుగు మాటలూ లిస్ప్‌లోకి వెళ్లేసరికి పన్నెండు బ్రాకెట్లయ్యాయి. ఆ భాషలో ప్రతి మాటా బ్రాకెట్లోనే ఉండాలి. మా అటక మీది స్టీలు డబ్బాల్లా ఒకదాంట్లో ఒకటి. ఒక్క మూత మరిచిపోతే మొత్తం కదలదు. సాయంత్రానికి యంత్రం సుడిదోమను గుర్తుపట్టింది. పక్కన 'ఎందుకు' అన్న మీట కూడా పెట్టాను. నొక్కితే ఏ సూత్రం వల్ల అలా చెప్పిందో చూపిస్తుంది.

"అడిగితె కారణం చెప్తదా?" అత్త ఆశ్చర్యపోయింది. "మీ మామకంటె నయం. ఆయన దేనికీ కారణం చెప్పకుండనే పోయిండు."

ఆ వెంటనే, పప్పులో నుంచి వేళ్లు తియ్యకుండానే, "అన్నీ గదే చెప్తె నేను ఏడ కూసోవాలె బిడ్డా?" అంది.

"ఎప్పటి జాగల్నే," అన్నాను. ఒక బ్రాకెట్ ఎక్కడ తప్పిపోయిందో వెతుక్కుంటూ తల ఎత్తకుండా అన్నాను.

నాట్లు పూర్తయి వరి పిలకలు వేసే రోజుల్లో నా పని తయారైంది. ఆ పొద్దున దుకాణానికి వెళ్లేసరికి బల్ల మీద ల్యాప్‌టాప్‌కు జాగా చేసి ఉంది. స్టూలేమో వెనకనున్న యూరియా బస్తాల పక్కకు పోయింది. అత్త దాని మీదే కూర్చుని గోడవైపు చూస్తోంది.

"బల్ల కాడ ఇరుకైతదని," అన్నాడు నా భర్త.

మొదటి రైతు మొక్క తెచ్చి పెట్టాడు. యంత్రం అడిగే ప్రశ్నలు నేను చదువుతున్నాను. ఆయన ల్యాప్‌టాప్‌ను చూశాడు, తలకున్న తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు, నిటారుగా నిలబడ్డాడు.

"పొలం నడుమ ఎండిందా?"

"అంత ఎండింది మేడం."

"ఆకుల మీద మచ్చలు?"

"మచ్చలు తప్ప ఆకే లేదు."

"మొగి పీకితే వస్తుందా?"

"పీకకముందే వస్తున్నది."

"కంకి తెల్లబడిందా?"

"తెల్లగైంది మేడం, మొత్తం."

బల్ల మీది మొక్కకు ఇంకా పొట్టే రాలేదు, కంకి ఎక్కడిది? నా యంత్రం అవేవీ పట్టించుకోకుండా అత్త చెప్పిన తెగుళ్లన్నీ ఆ ఒక్క పొలానికే ఉన్నాయని తేల్చింది. నా భర్త భక్తిగా ఐదు సీసాలు దించాడు. బిల్లు రాయబోతుంటే నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. అప్పుడు రైతు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "సాత్‌బారా జిరాక్స్ తెచ్చిన మేడం. భర్పాయి ఎప్పుడొస్తది?"

సాత్‌బారా అంటే ఆయన భూమి కాగితం. భర్పాయి అంటే పంట నష్టానికి సర్కారు ఇచ్చే పరిహారం. నాకు అప్పుడు అర్థమైంది. మా నదుల ఒడ్డున ఏటా వరద. వరద తర్వాత సర్కారు మనిషి వచ్చి నష్టం రాసుకునే పంచనామా. ఒక మనిషి ఎదురుగా కూర్చుని వరుసగా ప్రశ్నలు అడుగుతూ టకటక కొడుతున్నాడంటే మావాళ్లకు అది పంచనామానే. పంచనామాలో పంట సగం బాగుందని చెప్పే వెర్రివాడు ఈ తాలూకాలో ఇంకా పుట్టలేదు. కాలేజీలో మాకు చెప్పని సంగతి ఇది.

బస్తాల వెనక నవ్వు వినిపించింది.

"అవ్వా, నువ్వు ఆడున్నవా?" రైతు మెడ సాచాడు.

"ఈణ్నే ఉన్న, నన్ను గోదాముల ఏసిండ్రు. అరే, నీ పొలం వచ్చే యేడు నాకు కౌలుకిస్తవా?"

రైతు మొహం మారిపోయింది. తువ్వాల మళ్లీ తలకెక్కింది. "కౌలుకా? గసొంటి పొలం ఎవలన్న ఇస్తరా అవ్వా? నాలుగు మడులు పచ్చగ నిగనిగలాడుతున్నయ్. కాల్వ పక్క మడి ఒక్కదాంట్లనే జర కింది ఆకులు తుప్పు పట్టినట్టున్నయ్."

"కింది ఆకులకేనా, పయి వాటికి గూడనా?" అడిగింది అత్త.

"కింది వాటికే."

"జింకు," అంది అత్త గోడ వైపు చూస్తూనే. ఐదు సీసాలు పైకి వెళ్లాయి. ఒక్క జింకు సంచి కిందికి దిగింది.

ఆ మధ్యాహ్నం ఆమె మీద విరుచుకుపడ్డాను. "ఇన్ని రోజులు అడిగిన కదా అత్తమ్మా, ఈ కౌలు ముచ్చట ఒక్కనాడన్న చెప్పినవా?"

"అది తెగులా? నువ్వు తెగుళ్లే అడిగితివి."

ఓడిపోవడం నాకు చేతకాదు. కౌలు ప్రశ్నను అన్నింటికన్నా ముందు పెట్టి మర్నాడు మళ్లీ తెరిచాను. పెర్మిలి వైపు నుంచి వచ్చిన ఒకాయనను యంత్రం మొదటి మాటే 'మీ పొలం కౌలుకిస్తారా?' అని అడిగింది. ఆయన మొక్కను బల్ల మీదే వదిలేసి లేచాడు. "నా భూమి ఎవల పేరు మీద ఎక్కిస్తున్నవమ్మా?" అని కేకలు వేస్తూ బజారంతా తిరిగాడు. రెండు రోజులు మా దుకాణం మెట్లు ఎవరూ ఎక్కలేదు. అత్త అడిగితే అది వేళాకోళం. మోకాళ్ల నొప్పులతో ఆమె మడిలో దిగలేదని అందరికీ తెలుసు. ల్యాప్‌టాప్‌కు మోకాళ్లు ఉన్నాయో లేవో వాళ్లకేం తెలుసు?

"జర ఆ డబ్బా మూస్తవా?" అన్నాడు నా భర్త.

"మూస్త. మీ అమ్మను బస్తాల కాడికెల్లి మీరు ముందుకు తెస్తరా?"

ఆయన తేలేదు. నేనూ మూయలేదు. కౌలు ప్రశ్న తీసేసి, దాని చోట ఒకే ఒక్క సూత్రం రాశాను.

తర్వాతి వారం అత్త షుగర్ చూపించుకోవడానికి ఎస్టీ అనే సర్కారు బస్సులో అహేరి వెళ్లింది. నేను ఇంట్లో ఉన్నాను. నా భర్త నుంచి ఫోను.

"ఇది ఖరాబైంది. ఏదడిగినా 'అత్తమ్మ వచ్చినాక రండి' అంటున్నది."

"'ఎందుకు' మీట నొక్కుండ్రి."

నొక్కినట్టున్నాడు. తెర మీద ఏముందో నాకు తెలుసు. స్టూలు బల్ల దగ్గరుందనీ, స్టూలు మీద అత్త ఉందనీ నేను మీట నొక్కి చెప్పేదాకా, ఎవరినీ ఏ ప్రశ్నా అడగవద్దు. ఏడు బ్రాకెట్లు. అన్నీ సరిగ్గా మూసే ఉన్నాయి.

"నువ్వు మస్తు మొండిదానివి," అన్నాడు అది చదివి.

"అది ఖరాబు కాలేదు కదా?"

సాయంత్రం అత్తను బస్సు దించుకుని దుకాణానికి తీసుకెళ్లాను. స్టూలు బల్ల దగ్గరే ఉంది, పైన గోనెసంచి మడతపెట్టి ఉంది. నా భర్త ఎరువుల పట్టీ ఏదో చదువుతున్నట్టు తల వంచుకున్నాడు. అత్త చేత్తో స్టూలు అంచు తడిమింది, పాదంతో నేల కొలిచింది.

"ఎవలు పెట్టిండ్రు దీన్ని? జానెడు ఎడమకున్నది," అంది. తనే కుడికి జరుపుకుని కూర్చుంది.