రివర్స్ గేరులో వచ్చిన బొమ్మ

సోమవారం పొద్దున్న ల్యాబ్ తాళం తీస్తుండగా ఫోను మోగింది. మేస్త్రి గారి భార్య. "ఆయన వెళ్ళిపోయారమ్మా" అన్నారు. ఎక్కడికండీ అని అడగబోయి, ఆ గొంతు విని ఆగిపోయాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి టీ వేళకి లేవలేదట. సాయంత్రం నాలుగింటికి భూస్థాపన అని చెప్పి, ఫోను పెట్టేశారు.

ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల మీకు కారుంటే, అందులో రివర్స్ గేరు వెయ్యగానే వెలిగే చిన్న తెర ఉంటే, దాని వైర్లు కలిపినవి చాలావరకు ఆయన చేతులే. వట్లూరు వెళ్ళే దారిలో ఆయనది రేకుల షెడ్డు. కార్ల ఎలక్ట్రీషియన్. హారన్లు, వైపర్లు, టేపురికార్డర్లతో మొదలుపెట్టి, చివరి నాలుగైదేళ్ళు ఎక్కువగా కెమెరాలే బిగించారు. బంపరుకి కెమెరా ఏమిటని అందరూ నవ్వే రోజుల్లో మద్రాసు నుంచి సరుకు తెప్పించుకుని, పెట్టెలో వచ్చిన కాగితం మీది బొమ్మలు చూసి తనంతట తానే నేర్చుకున్నారు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆయనకి కారు నడపడం రాదు. షెడ్డులోంచి బండి బయటికి తియ్యాలన్నా బండి గలవాళ్ళే రావాలి. ఒకసారి దాని గురించి అడిగితే, "నడపడం వచ్చినవాళ్ళకి ధైర్యం ఉంటుందమ్మా. నాకు వెనకేముందో అని ఎప్పుడూ భయమే. ఆ భయంతో బిగిస్తాను కాబట్టి పని గట్టిగా ఉంటుంది" అన్నారు.

నేను చేపల చెరువుల నీళ్ళు పరీక్షించే పని చేస్తాను. కొల్లేటి వైపు చెరువుగట్లు ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రెండు పక్కలా నీళ్ళు, మధ్యలో కారు పట్టి జానెడు మిగిలేంత దారి. తిప్పుకునే చోటుండదు. ముందుకి ఎంత దూరం వెళ్ళామో అంత దూరమూ వెనక్కే రావాలి. నాకు వెనక్కి నడపడమంటే చచ్చేంత భయం. కారు రోడ్డు మీదే వదిలేసి, సీసాల సంచి భుజాన వేసుకుని ఎండలో నడిచేదాన్ని. ఒక రైతు నా అవస్థ చూసి, వట్లూరు దారిలో మేస్త్రి గారున్నారు, కలవండి అన్నాడు.

ఆయన నా కారు దగ్గర ఒక రోజంతా గడిపారు. ఇంట్లోకి వచ్చినట్టు చెప్పులు బయట విడిచి కార్లోకి ఎక్కారు. కంపెనీ వేసిన వైరు ఒక్కటీ కొయ్యలేదు. బంపరుకి చిల్లు పెట్టేముందు కాసేపు కళ్ళు మూసుకున్నారు.

"ప్రార్థన చేసుకుంటున్నారా అండీ?" అన్నాను.

"కాదమ్మా, కొలత సరిచూసుకుంటున్నాను" అని, కాస్త ఆగి, "రెండూనండి" అని నవ్వారు.

ముందు కెమెరా గ్రిల్లులో పెట్టి, దాని వైరు ఇంజను పక్కనుంచి డాష్‌బోర్డు దాకా లాక్కొచ్చి, స్టీరింగు కింద ఒక స్విచ్చి పెట్టారు. బానెట్టు అడ్డమై కనిపించని నాలుగడుగుల నేల ఆ స్విచ్చి వేస్తే కనిపిస్తుంది. వెనక కెమెరాకి కరెంటు రివర్స్ లైటు నుంచి తీసుకున్నారు. ఆ గేరు వేసి ఉన్నంతసేపే బొమ్మ వస్తుంది, గేరు మారిస్తే పోతుంది. వెనక తలుపు తీసి వేస్తుంటే వైరు నలిగిపోతుందని, బొమ్మని గాల్లోంచి పంపే అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి లోపల అమర్చారు.

"ఒక్కటే ఇబ్బందమ్మా. ఇలాంటి డబ్బా ఉన్న బండి ఇంకోటి దగ్గర్లో రివర్స్ చేస్తుంటే, వాళ్ళ బొమ్మ మీ తెర మీద పడొచ్చు. కంగారు పడకండి."

"కొల్లేట్లో నాకెవరు తగులుతారండీ?" అన్నాను.

గట్టు మీద పరీక్షించి చూస్తేగాని పని పూర్తయినట్టు కాదని ఆయన పట్టు. మర్నాడు పొద్దున్నే నా పక్క సీట్లో కూర్చుని వచ్చారు. చలికాలం. ఎనిమిదైనా సూర్యుడు లేడు. మంచు ఎంత దట్టంగా ఉందంటే, గట్టుకి రెండు పక్కలా నీళ్ళున్నాయని నమ్మడమే గాని కనిపించడం లేదు. అంతకుముందు ప్రభుత్వం కొల్లేట్లో చెరువులు తీసేయించినప్పుడు ఆ గట్టుకి చివర గండి కొట్టారు. అక్కడితో దారి ఆఖరు. ఆయన ముందు కెమెరా స్విచ్చి వేసి తెర మీదికి వంగి, "రండమ్మా, రండి, ఇంకొంచెం" అంటూ వచ్చారు. తెరలో మట్టి, గడ్డి, ఆ తరవాత నల్లటి నీళ్ళు. "ఆపండి."

దిగి నీళ్ళు పట్టుకున్నాను. మళ్ళీ ఎక్కి రివర్స్ గేరు వేశాను. వెనక దారి చక్కగా కనిపించింది. యాభై గజాలు వచ్చామో లేదో, తెర మీద ఇసక పోసినట్టు తెల్ల గింజలు రాలాయి. అవి తేరుకునేసరికి బొమ్మ మారిపోయింది.

దారి లేదు. ఒక పక్కకి ఒరిగిపోయిన గడ్డిపోచలు, వాటి వెనక తెల్లటి ఆకాశం. నేల మీద పడుకుని పైకి చూస్తే కనిపించినట్టుంది. తెర కింది అంచున ఎర్ర స్టిక్కరు ముక్క ఒకటి.

"ఇది మన వెనక కాదమ్మా" అన్నారు మేస్త్రి గారు.

అద్దాలు దించాం. దగ్గర్లో ఎవరైనా బండి తీస్తుంటే ఇంజను చప్పుడు వినిపించాలి. ఏమీ లేదు. ఎక్కడో నీటికోడి ఒకటి అరిచి ఊరుకుంది. తెర మీద మా దారి ఒక క్షణం వచ్చింది, మళ్ళీ ఆ గడ్డి వచ్చింది. వెనక్కి వస్తున్నకొద్దీ గడ్డి బొమ్మే నిలకడగా ఉంటోంది. మా దారి ఇక రావడం మానేసింది. తల బయటపెట్టి చూసుకుంటూ అంగుళం అంగుళం వస్తున్నాను.

అప్పుడు ఆ గడ్డి వెనక నుంచి, బొమ్మలోకి, నల్లగా ఏదో జరుగుతూ వచ్చింది. చక్రం. ఆ తరవాత తలుపు. ఆ తరవాత దించిన అద్దం, అందులో ఎర్ర శాలువా కప్పుకున్న మనిషి.

నేను ఎర్ర శాలువా కప్పుకున్నాను.

బ్రేకు తొక్కాను. తెరలో కారు ఆగింది. నా చెయ్యి నాకు తెలియకుండానే లేచింది. తెరలో ఆ మనిషి చెయ్యి లేపింది.

"అది మన కారేనమ్మా" అన్నారు మేస్త్రి గారు చాలా మెల్లగా. "ఎవరో కింద నుంచి మనల్ని చూస్తున్నారు."

దిగి నా వైపు గట్టు వాలులోకి చూశాం. గుర్రపుడెక్క మధ్యలో ఒక పెద్ద బండి ముక్కు నీళ్ళలో ముంచి, తోక పైకెత్తి ఉంది. వచ్చేటప్పుడు దాని పక్కనుంచే వచ్చాం. మంచులో కనిపించలేదు. వెనక బంపరు మీద ఎర్ర స్టిక్కరు.

"గూడెం వాళ్ళ బండి. కెమెరా నేనే బిగించాను" అంటూనే ఆయన వాలులోకి జారారు. ఈత రాదు. వెనక తలుపు లాగితే వచ్చింది. సీట్ల మీదుగా లోపలికి పాక్కుంటూ వెళ్ళి, "మనిషున్నాడమ్మా! ఊపిరుంది! ఎవర్నైనా పిలవండి!" అని కేకేశారు.

నేను గట్టు వెంట అరుచుకుంటూ పరిగెత్తాను. వలలు తీస్తున్న ఇద్దరు జాలర్లు దోనె వేసుకుని వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ మేస్త్రి గారు ఛాతీ లోతు చల్లటి నీళ్ళలో కూర్చుని, పెడళ్ళ మధ్య కాలు ఇరుక్కుని స్పృహ తప్పుతున్న ఆ మనిషి గడ్డాన్ని నీళ్ళకి పైన పట్టుకున్నారు. ఏదో మాట్లాడుతూనే ఉన్నారు. అంతసేపు ఏం మాట్లాడారండీ అని తరవాత అడిగాను. "ఏముందమ్మా, బండి మైలేజీ ఎంతిస్తుంది, టైర్లు ఎప్పుడు మార్చారు అని. జవాబు చెప్పాలని మనిషికి అనిపించాలి కదండీ."

ఆ బండిలో దొరికినాయన తాడేపల్లిగూడెంలో బియ్యం వ్యాపారి. కొల్లేట్లో చెరువు కౌలుకి తీసుకుని, తెల్లవారుజామున మేత వేయించడానికి వస్తూ మంచులో గట్టు జారిపోయారు. కాలు విరిగింది గాని ప్రాణం దక్కింది. అందరూ మా కెమెరాని మెచ్చుకున్నారు. నేనూ అంతే అనుకున్నాను. దగ్గర్లో ఇంకో బండి, దాని బొమ్మ మా తెర మీద పడింది. మేస్త్రి గారు ముందే చెప్పిన సంగతేగా.

నాలుగు రోజుల తరవాత మేస్త్రి గారు నన్ను షెడ్డుకి పిలిచారు. ఆ బండి అక్కడుంది. వ్యాపారి తమ్ముడు తెచ్చి పెట్టి వెళ్ళాడట. వెనక లైటు విప్పి, నన్ను దగ్గరికి రమ్మని, కెమెరాకి కరెంటు వెళ్ళే వైరు చూపించారు. తెగి ఉంది. తెగిన చోట రాగి పచ్చగా చిలుము పట్టిపోయి ఉంది.

"నిన్నామొన్న తెగితే ఎర్రగా మెరవాలమ్మా. ఈ భాగానికి నీళ్ళు కూడా తగల్లేదు. ఇది ఎప్పుడో తెగింది. కెమెరా వానాకాలం నుంచి పనిచెయ్యట్లేదని, నా దగ్గరకి తేవాలనుకుంటూనే ఉన్నామని ఆ తమ్ముడు కూడా అన్నాడు."

"మీరు లోపలికి వెళ్ళినప్పుడు గేరు ఎందులో ఉందండీ?"

"మూడులో."

బయట కాలేజీ బస్సు వెళ్ళింది.

"మరి మనం చూసింది ఏమిటండీ?"

"చూసింది చూశామమ్మా. మనిషి బతికాడు. అంతవరకే నాకు తెలుసు."

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. మనిషిని కాపాడారని విని, పాస్టరు గారు ఆదివారం చర్చిలో అందరి ముందూ దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పమన్నారట. "నాకు అర్థంకాని దాన్ని మైకులో ఏం చెప్పనండీ? చెబితే నాకేదో తెలుసని అనుకుంటారు" అని కూర్చున్న చోట నుంచి లేవలేదట. ఇప్పుడు నేను రాయడం ఆయనకి ఇష్టమో కాదో తెలియదు. ఆయన్ని తలుచుకుంటూ ఇది దాచడం నాకు చేతకాలేదు.

ఆ తరవాత ఎప్పుడు షెడ్డుకి వెళ్ళినా బల్ల మీద ఒక చిన్న తెర వెలుగుతూ ఉండేది. పాత బ్యాటరీకి కలిపి పెట్టారు. దానికి కెమెరా లేదు. ఊరికే తెల్ల గింజలు కదులుతుండేవి. ఆయన వైర్లకి టేపు చుడుతూ, మధ్యమధ్య తలెత్తి దాని వంక చూసేవారు.

"ఇదెందుకండీ?" అన్నాను ఒకసారి.

"ఏమో అమ్మా. ఎవరైనా ఉన్నారేమోనని."

ఆ మాట, కాస్త టీ తాగుతారా అని అడిగినంత మామూలుగా అన్నారు.

క్రిందటేడు ఒకనాడు మధ్యాహ్నం ఆయనే ల్యాబ్‌కి వచ్చారు. ఎప్పుడూ రానివారు. తెర మీద బొమ్మ వచ్చిందన్నారు. చెక్కమెట్లు, వాటి కింద నీళ్ళు. క్షణం ఉండి పోయిందట. నా కార్లోనే బయల్దేరాం. రెండు రోజులు కొల్లేటి ఊళ్ళన్నీ తిరిగి, పడవలు ఆగే ప్రతి రేవూ చూశాం. ఎక్కడా ఏమీ లేదు. ఎవరూ తప్పిపోలేదు. తిరిగి వస్తూ ఆయన అద్దంలోంచి బయటికి చూస్తూ, "మనం ఆలస్యంగా వెళ్ళామో, ముందే వెళ్ళామో తెలియట్లేదమ్మా" అన్నారు. ఆ మాట నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. కానీ నన్ను అడిగితే, ఏ ఆధారమూ లేని ఒక బొమ్మ కోసం పని మానుకుని రెండు రోజులు వెతికిన మనిషిని మరొకర్ని నేను చూడలేదు. ఇవాళ ఏ గట్టు మీదికైనా కారు తీసుకుపోగలుగుతున్నాను. అది ఆయన బిగించిన కెమెరా వల్ల కొంత. పక్కన కూర్చుని, "రండమ్మా, రండి" అన్న ఆ గొంతు వల్ల ఎక్కువ.

భూస్థాపన కాలవ పక్కన సమాధుల తోటలో జరిగింది. గూడెం నుంచి ఆ బియ్యం వ్యాపారి కొంచెం కుంటుతూ వచ్చి మట్టి వేశారు. అందరూ వెళ్ళాక, మేస్త్రి గారి భార్యని ఇంటి దగ్గర దింపుతానని నా కార్లో ఎక్కించుకున్నాను. ప్రహరీగోడకి ముక్కు ఆనించి పెట్టిన కారు. రివర్స్ చేసి తిప్పుకోవాలి. గేరు వేశాను. తెర వెలిగింది.

ఆవిడ ముందుకి వంగారు. "ఇదేనా అమ్మా ఆయన బిగించేది?"

"ఇదేనండీ."

"నేనెప్పుడూ చూళ్ళేదు. మాకు కారేదీ?"

తెరలో కొత్త మట్టిదిబ్బ, బంతిపూల దండలు, చెక్క సిలువ. కాస్త వెనక్కి వచ్చి ఆగి, మొదటి గేరు వెయ్యబోతుంటే ఆవిడ నా చేతి మీద చెయ్యి వేశారు.

"మార్చకమ్మా. కాసేపుండనీ."

బ్రేకు మీద కాలు ఉంచి అలాగే ఉండిపోయాను. పొద్దు వాలుతోంది. బంతిపూల పసుపు మెల్లగా బూడిదరంగులోకి దిగింది. దిబ్బకి అవతల తెల్లగా ఏదో కదిలింది. కొంగై ఉంటుంది, ఆ కాలవ పొడుగునా కొంగలే. తల తిప్పి చూస్తే తెలిసిపోయేది. ఆవిడ తిప్పలేదు, నేనూ తిప్పలేదు. తెరలో ఆ తెల్లటిది దిబ్బ పక్కకి వచ్చి, మా వైపు తిరిగి, నిలబడింది.