ఇంకెవరు మాస్టారు

ఇంకెవరు మాస్టారికి ఈ భూమ్మీద ఏ ఒక్కరి మాట మీదా నమ్మకం లేదు. ఇద్దరి మాట మీద మాత్రం కొండంత నమ్మకం. ఎవరేం చెప్పినా కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఇంకెవరన్నారు?" అంటారు. యూనివర్సిటీ జర్నలిజం డిపార్ట్‌మెంట్‌లో ఆయనకో అసలు పేరుంది గానీ, అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు.

ఓసారి అటెండర్ తడిసి ముద్దై వచ్చి, "బయట వాన దంచేస్తోందండీ" అన్నాడు.

"ఇంకెవరన్నారు?"

అటెండర్ తక్కువ తిన్నాడా? "నా గొడుగండీ" అని దాన్ని ఆయన బల్ల మీదే దులిపాడు. ఇంట్లో భార్య కూడా "అన్నానికి రండి" అని ఊరుకోదు, కంచం మీద గరిటెతో ఒక్కటిస్తుంది. అది రెండో నోరన్నమాట. డాక్టరు బీపీ ఎక్కువుందని చెబితే మాస్టారు నర్సు వైపు తిరిగారు. నర్సు కొత్తది, పాపం తడబడింది. మందులు మొదలవడానికి ఇంకో వారం పట్టింది.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. పాఠాలు చెప్పడానికి రాకముందు ఆయన ఓ పత్రికలో పనిచేశారు. చేరిన కొత్తలో ఎవరో ఫోన్ చేసి ఊళ్లో పెద్దమనిషి ఒకాయన పోయాడంటే, ఆ ఒక్క ఫోన్ పట్టుకుని వార్త వేసేశారు. మర్నాడు పొద్దున్నే పోయినాయన పేపరు చంకలో పెట్టుకుని ఆఫీసుకొచ్చాడు. తాపీగా టీ తాగి, "పోయినందుకు బాధ లేదు బాబూ, ఫొటో అయినా కాస్త మంచిది వెయ్యాల్సింది" అని చెప్పి వెళ్లాడు.

అలాంటి మాస్టారి ముందుకు పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వచ్చింది రేడియో. పదేళ్లుగా తెల్లవారుజామున రేడియోలో వార్తలు చదివే మనిషి కాబట్టి అందరూ ఆవిణ్ణి అలాగే పిలిచేవారు. నలభై దగ్గర పడ్డాయి, ఇద్దరు పిల్లలు. ఎంచుకున్న విషయం పుకారు. బజారులో అది ఎక్కడ పుడుతుందీ, ఎవరి నోట ఎంత పెరుగుతుందీ, చివరికి ఎక్కడ చస్తుందీ అని.

"సంసారం, ఉద్యోగం, పిల్లలు. మధ్యలో వదిలెయ్యరు కదా?" అన్నారు డిపార్ట్‌మెంట్ హెడ్డు.

"వదలనండీ. పూర్తి చేస్తాను."

గదిలో అందరూ మాస్టారి వైపు చూశారు. ఇప్పుడాయన "ఇంకెవరన్నారు?" అంటే చూపించడానికి ఆవిడ పక్షాన ఇంకో నోరు లేదు. మొగుడు కూడా "ఈ వయసులో నీకెందుకే ఈ తిప్పలు" అనే సాగనంపాడు.

మాస్టారు ఏమీ అనలేదు. గైడు అన్నచోట సంతకం పెట్టి కలం మూసేశారు. డిపార్ట్‌మెంట్ నివ్వెరపోయింది. ఆ రోజు ఆయనకు జలుబు చేసి గొంతు పోయిందని చివరికి అందరూ కలిసి తేల్చారు.

ఆ జలుబేదో వెంటనే తగ్గిపోయింది కాబోలు, రేడియోకి చుక్కలు కనపడ్డాయి. "పొద్దున పూట బజారు రద్దీగా ఉంటుంది" అని రాస్తే పక్కన ఎర్రసిరాతో "ఇంకెవరన్నారు?" ఆవిడ మళ్లీ బజారుకు పరిగెత్తి ఇద్దరి చేత చెప్పించుకొచ్చేది. ముందుమాటలో "నా భర్త సహకారం మరువలేనిది" అని రాసింది. దాని పక్కనా అదే ఎర్రసిరా. పిల్లల్ని అడిగితే వాళ్లు ఫక్కున నవ్వారు. ఆ వాక్యం తనే కొట్టేసింది.

చివరికి రోగం ఇంటికీ పాకింది. "నీ చదువు ఎప్పుడవుతుంది?" అనేవాడు మొగుడు. "ఈ ఏడు అయిపోతుంది." "ఇంకెవరన్నారు?"

నిజంగానే అయిపోవచ్చింది. థీసిస్ బైండింగుకు ఇవ్వబోతుండగా ఆవిడకీ మాస్టారికీ హెడ్డు దగ్గర్నుంచి పిలుపొచ్చింది.

"సర్వే అంతా ఇంట్లో కూర్చుని రాశారటగా! డిపార్ట్‌మెంట్ అంతా కోడై కూస్తోంది. రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యక తప్పదు."

ఇన్నేళ్లు పుకారు వెంట తిరిగితే, ఆ పుకారే వెనక్కి తిరిగి రేడియో పీక పట్టుకుంది.

మాస్టారు కళ్లజోడు నుదుటికి తోశారు. "మొదట కూసిన కోడి ఏదండీ?"

"అందరూ అంటున్నారు మాస్టారూ!"

"అందరూ అనే మనిషిని నేనింతవరకూ చూడలేదు. పిలిపించండి."

అటెండర్ వెళ్లి, తనకు ఆ మాట చెప్పిన జిరాక్స్ అతన్ని తీసుకొచ్చాడు. అతను గుమాస్తా పేరు చెప్పాడు. గుమాస్తా క్యాంటీన్ అతన్ని చూపించాడు. క్యాంటీన్ అతను "టీ తాగుతూ మీరే అన్నారు కదండీ" అని హెడ్డునే చూపించాడు.

"నేనా? ఏదో సరదాకన్నానయ్యా! ఇంత పెద్ద బజారు తిరిగిందా, ఇంట్లో కూర్చుని రాసిందా అని..."

"నోళ్లు ఎన్నో, మనిషి ఒక్కరే," అన్నారు మాస్టారు. "ఒక్కరి మాట నేను తీసుకోను."

హెడ్డుకు ఒళ్లు మండింది. "సరే, తిరిగిందని మాత్రం ఎవరన్నారు?"

ఆ ప్రశ్న ఇంకొకరి నోట వినడానికి మాస్టారు జీవితమంతా ఎదురుచూసినట్టున్నారు. ఎగిరి గంతేసినంత పనిచేసి తలుపు తీశారు. బయట బెంచీ మీద ఆయన ముందే రప్పించి కూర్చోబెట్టిన ఇద్దరు, ఈ చివర కూరగాయలామె, ఆ చివర పళ్లామె. బజారులో ఇద్దరివీ పక్కపక్క కొట్లే. మాటలు మాత్రం లేవు.

"వచ్చిందా అంటారేంటండీ! బేరం చేసుకోనిచ్చిందా? నేను వంకాయలు తూస్తుంటే, ఈ మాట మీకెవరు చెప్పారు, ఆవిడకెవరు చెప్పారు అని ప్రాణం తోడేసింది," అంది కూరగాయలామె.

పళ్లామె మొహం అటు తిప్పుకుంది. "దాని నోట్లోంచి వచ్చేవన్నీ అబద్ధాలే. ఇదొక్కటీ నిజం."

"పడని ఇద్దరు ఒకే మాట అన్నారు," అన్నారు మాస్టారు. "ఇక దీన్ని అచ్చేసుకోవచ్చు."

ఆ తర్వాత వైవా తాంబూలాలు పుచ్చుకున్నాక పెట్టిన పెళ్లిచూపుల్లా అయిపోయింది. బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ ఏం అడిగినా, అది ఎర్రసిరాలో ఎప్పుడో అడిగేసిన ప్రశ్నే. పోతూ పోతూ ఆయన "అభినందనలు డాక్టరు గారూ" అన్నాడు.

సాయంత్రం రేడియో మాస్టారింటికి వెళ్లింది. "మాస్టారూ, ఒక్క మాట. ఇంటర్వ్యూ రోజు మీకు జలుబు చేసిందా?"

"జలుబా? ఎవరన్నారు?"

"డిపార్ట్‌మెంట్ అంతా."

"మళ్లీ అందరూనా! ఆ రోజు నేను నిక్షేపంలా ఉన్నాను."

"మరి నన్నెందుకు అడగలేదు? పూర్తి చేస్తానని నేనొక్కదాన్నే కదా అన్నాను!"

మాస్టారు కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "ఒక్కదానివేంటమ్మా? మనసులో నేనూ అన్నానుగా. ఇద్దరమయ్యాం."



ఇంతలో లోపల్నుంచి అమ్మగారు "అన్నానికి రండి" అని పిలిచింది. ఇంట్లో పరాయివాళ్లున్నారని కాబోలు, గరిటె మోగలేదు. మాస్టారు కదల్లేదు. రేడియో వైపు చూశారు.

"పిలుస్తున్నారు మాస్టారూ," అంది రేడియో.

"అలా చెప్పు," అని లేచారాయన.