ముందు చక్రాలకు పని

మా ఆయన పోయి రెండేళ్లయింది. బతికున్నన్నాళ్లూ ఆయన చేసిన పని కొట్లకూ హోటళ్లకూ కోడిగుడ్లు చేరవేయడం. అందరూ ఆయన్ని ‘సమానంగారు’ అనేవారు. ఎదురుగానే అనేవారు, ఆయనా పలికేవారు. ఒకరు కష్టపడుతుంటే ఇంకొకరు కాలు మీద కాలేసుకుని కూర్చోవడం ఆయనకు గిట్టేది కాదు. అది మనుషుల వరకే అయితే బాగానే ఉండేది. మా ఇంట్లో ఉన్నది ఇద్దరం, భోజనాల బల్లకు కుర్చీలు నాలుగు. రోజూ అవే రెండు మనల్ని మోస్తుంటే మిగతా రెండిటికీ సిగ్గుండక్కర్లేదా అనేవారు. అందుకని వంతులు పెట్టారు. నా మంగళవారం కుర్చీకి ఒక కాలు పొట్టి. ఆ రోజు నేను పక్కకు ఒరిగి తినేదాన్ని. ఇప్పుడు అడిగేవాళ్లు లేకపోయినా మంగళవారాలు ఒరిగే తింటున్నాను.

అలాంటి మనిషి ఒక పాత జీపు కొన్నారు. అమ్మినతను గేరు పక్కనున్న చిన్న లివరు చూపించి, ఇది ముందుకు తోస్తే నాలుగు చక్రాలూ లాగుతాయి, బురదలో దిగబడితేనే వాడండి, రోజువారీ తిరుగుళ్లకు వెనక రెండూ లాగితే చాలు అని చెప్పాడట. ఇంటికొచ్చి ఆ మాట చెబుతున్నప్పుడే ఆయన ముఖం మాడిపోయింది. వెనకవి రెండూ మనల్నీ గుడ్లనీ ఈడ్చుకొస్తుంటే ముందువి రెండూ షికారు చేస్తాయా అన్నారు. మర్నాడు పొద్దున లివరు ముందుకు తోశారు. మళ్లీ వెనక్కి లాగలేదు. మేం తిరిగేవన్నీ తారు రోడ్లు. బురద కావాలంటే బకెట్టుతో నీళ్లు తెచ్చి మనమే కలుపుకోవాలి.

వారం తిరక్కుండానే గుడ్లు పగలడం మొదలైంది. మా సరుకులో సగం ఒక్క బేకరీకే పోయేది, రోజుకు నలభై ట్రేలు. మొదటిరోజు మూడు గుడ్లు కారాయి. తర్వాత తొమ్మిది. సోమవారానికి ఒక ట్రే మొత్తం ముద్దయిపోయింది. బేకరీ ఆవిడ పొదుపుగా మాట్లాడే మనిషి.

“శనివారం దాకా చూస్తాను సమానంగారూ. ఆ రోజు ఒక్క గుడ్డు చిట్లినా ఇక రాకండి. నేను చేసేది కేకులు. మీరు ఆమ్లెట్టుకు తెస్తున్నారు.”

ఆ బేకరీ పోతే సొంత పని పోయినట్టే. మా ఆయన మళ్లీ తన అన్నగారి గోడౌన్‌లో కూర్చుని బస్తాల మీద నంబర్లు రాయాలి. తమ్ముడు ఏదో ఒకరోజు తిరిగొస్తాడని ఆ అన్నగారు ఏళ్ల తరబడి అక్కడ ఒక బల్ల ఖాళీగా ఉంచారు. ఆ బల్ల తలుచుకుంటే మా ఆయనకు ముద్ద దిగేది కాదు.

అయినా తప్పు లివరుదని ఒప్పుకోలేదు. కోళ్ల ఫారానికి వెళ్లి మీ కోళ్లు మనసు పెట్టడం లేదన్నారు. మా దుప్పట్లన్నీ ట్రేల మధ్య దూర్చారు. బుధవారం నన్నే వెనక కూర్చోబెట్టి, పై ట్రేలు ఒళ్లో పెట్టారు. అలా కూర్చున్నాకే నాకు సంగతి తెలిసింది. తిన్నగా పోతున్నంతసేపూ జీపు బుద్ధిగానే ఉంటుంది, మలుపు తిరిగేటప్పుడే గాడిదలా తన్నుతుంది. ఆ మాటే ఆయనకు చెప్పాను.

అందులో సగమే ఆయన చెవికెక్కింది. గురువారం మలుపు మలుపుకీ జీపు ఆపారు. నలభై ట్రేలూ దించి, ఇద్దరం చేతులతో మలుపు దాటించి, ఖాళీ జీపును అవతలికి తిప్పి, మళ్లీ ఎక్కించాం. ఇంటి నుంచి బేకరీకి ఏడు మలుపులు. మూడో మలుపు దగ్గర ట్రాఫిక్ పోలీసు విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు. గుడ్లు పగల్లేదు కానీ మేం వెళ్లేసరికి ఎండెక్కింది. బేకరీ ఆవిడ గోడ గడియారం వంక చూసి, రేపు కూడా ఇదే వేళయితే పగిలినట్టే లెక్క అంది.

ఆ సాయంత్రం మా తమ్ముడు వచ్చాడు. వాడు మెకానిక్కు. కథంతా విని, నవ్వు ఆపుకుని, మా ఇద్దరినీ ఒకరి వెనక ఒకరిని నిలబెట్టి నడుములకు తువ్వాలు కట్టాడు. బల్ల చుట్టూ తిరగమన్నాడు, అడుగులు మాత్రం ఇద్దరికీ సమానంగా పడాలన్నాడు. బల్ల పొడుగునా బాగానే నడిచాం. మూల తిరిగేసరికి ముందున్న ఆయన వెడల్పుగా తిరిగారు, నా అడుగు ఆయన మడమ మీద పడింది, తువ్వాలు లాగేసింది, నీళ్ల జగ్గు కింద పడింది.

“చూశావా బావా? మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం నడవాలి. నువ్వేమో నాలుగింటినీ కలిపి కట్టేస్తివి. బురదలో అయితే జారి సర్దుకుంటాయి. తారు మీద ఎక్కడ జారతాయి? ఎగురుతాయి.”

“అర్థమైందిరా. అయినా న్యాయం కాదు,” అన్నారు ఆయన, తువ్వాలు విప్పుకోకుండానే.

తమ్ముడు తల పట్టుకున్నాడు. నేను ఆయన మాటకు ఎదురు చెప్పే మనిషిని కాదు. కానీ గోడౌన్‌లో ఆ బల్ల దగ్గర ఆయన కూర్చున్నట్టు కళ్లకు కట్టింది.

“ఏవండీ, స్టీరింగు తిప్పితే తిరిగేవి ఆ ముందు చక్రాలే కదా. ఎటు పోవాలో చూసుకోవడం పని కాదా?”

ఆయన తువ్వాలు విప్పి నాకిచ్చి బయటికి వెళ్లారు. జీపు తలుపు తీసిన చప్పుడు, ఆ వెనకే లివరు వెనక్కి పడిన చప్పుడు వినిపించాయి.

శుక్రవారం వేళకే చేరాం, ఏమీ పగల్లేదు. శనివారమూ ఏడు మలుపులూ నేను వెనకే ట్రేలు పట్టుకుని కూర్చున్నాను, జీపు ఒక్కసారీ తన్నలేదు. బేకరీ ఆవిడ నలభై ట్రేలూ ఒక్కొక్కటే లైటు కింద పెట్టి చూసింది. ఎక్కడా గీత కూడా లేదు. అదే ఆవిడకు అనుమానమైంది.

“ఉడకబెట్టి తెచ్చారా?” అని ఒక గుడ్డు తీసి బల్ల అంచుకు కొట్టింది. పచ్చసొన బల్ల మీదుగా పారింది. మా ఆయన దాని వంక, అయినవాళ్లెవరో పోయినట్టు చూశారు.

“ఇది నా లెక్కలో వేయకండి,” అన్నారు మెల్లగా.

“వేయను. రేపూ నలభై,” అంది ఆవిడ, చెయ్యి తుడుచుకుంటూ.

బయటికొచ్చాక నేను అలవాటుగా వెనక ఎక్కబోయాను. వెనక గుడ్లేం లేవుగా, ముందుకొచ్చి కూర్చోమన్నారు. మొదటి మలుపు దగ్గర జీపు నెమ్మది చేసి, “ముందు కూర్చున్నావుగా, ఎటు?” అని అడిగారు. ఆయన రోజూ తిరిగే దారే అది. వేళాకోళం అనుకున్నాను. కాదు, నిజంగానే ఆగారు. వెనక బండ్లవాళ్లు హారన్లు కొడుతున్నా కదల్లేదు. కుడికి అన్నాను, కుడికి తిప్పారు. రెండో మలుపులోనూ అడిగారు. మూడో మలుపు దగ్గర నాకేం పుట్టిందో తెలియదు, ఎడమకి అన్నాను. మా ఇల్లు కుడివైపు. ఆయన ఎడమకే తిప్పారు.