చేటన్నర తవుడికి కొన్న కూతురు

కామేశం గారు కొవ్వూరులో ఒక రైసుమిల్లులో పాతికేళ్లు టైపు కొట్టారు. మిల్లు చేతులు మారినప్పుడు బయటికొచ్చి, గోదావరి దాటి, రాజమండ్రిలో ఒక పిల్లల ఆసుపత్రిలో కంప్యూటరు ముందు కూర్చున్నారు. అది రెండువేల రెండో సంవత్సరం.

టైపులో ఆయనకొక పేరుండేది. మీటల వంక చూడకుండా కొట్టేవారు. ఆ అలవాటు ముదిరి మనుషుల వంక చూడడం కూడా మానేశారు. మిల్లులో ఉండగా ఒకసారి సొంత బావమరిది ధాన్యం తోలుకొస్తే, పేరూ ఊరూ అడిగి చీటీ చేతిలో పెట్టి పంపించేశారు. ఆ బావమరిది మూడేళ్లు మాట్లాడలేదు. మాట్లాడడం లేదన్న సంగతి కామేశం గారికి నాలుగో ఏట తెలిసింది.

ఆసుపత్రిలో కంప్యూటరుకి ఒక చల్లటి గది, దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు, 'చెప్పులు బయట విడవవలెను' అన్న బోర్డు ఉండేవి. డాక్టర్ ఉదయ్‌భాస్కర్ గారు వార్డులోకి బూట్లతో వెళ్లేవారు గాని ఈ గదిలోకి మాత్రం వట్టి కాళ్లతో వచ్చేవారు. గదికొక కిటికీ. కిటికీ బయట పిల్లల్ని చంకనేసుకున్న జనం. లోపల కామేశం గారు తెర వంక చూస్తూ పేరు, ఊరు, వయసు, రోగం అడిగేవారు.

డాక్టరు గారికి ఒక కోరిక. డెల్టాలో పిల్లలకి ఆయాసం ఎందుకొస్తోంది, నూర్పుల దుమ్ముకా, పొయ్యి పొగకా, ఏ బిడ్డకి ఏడాదికి ఎన్నిసార్లు వస్తోంది, ఇదంతా కంప్యూటరుకి ఎక్కించి, లెక్క తీసి, విశాఖపట్నంలో పెద్దల సభలో చదవాలని. ఆ ఉత్సాహం చూసి ఒక ట్రస్టు వారు రెండు పెట్టెల పీల్చే మందు పంపారు. రోజూ పీలిస్తే ఆయాసం రాకుండా కాచే మందు. బజారులో కొనడం అందరి వల్లా అయ్యేది కాదు. ఏడాదిలో మూడుసార్లు ఆయాసంతో వచ్చిన పిల్లలకి అది ఉచితం. షరతు ఒకటే. మూడుసార్లు వచ్చారని కంప్యూటరు చెప్పాలి. డాక్టరు నోటిమాట చెల్లదు.

ఏడాది తిరిగాక కామేశం గారు మీట నొక్కారు. ఆయాసంతో వచ్చిన పిల్లలు నాలుగు వందల పైచిలుకు. వాళ్లలో రెండోసారి వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

"చూశారా కామేశం గారూ, ఒక్కసారి మన చెయ్యి పడితే మళ్లీ రావట్లేదు!" అన్నారు డాక్టరు గారు.

రెండు రోజులు ఆసుపత్రంతా ఆ ఆనందంలో ఉంది. మూడో రోజు ట్రస్టు వారు ఫోను చేసి, అంత బాగా నయమవుతుంటే మందెందుకండీ, శనివారం మనిషిని పంపి పెట్టెలు పట్టుకుపోతాం అన్నారు.

గురువారం పొద్దున్న కిటికీ దగ్గర పిల్లికూతలు వినిపించాయి.

"పేరు?" అన్నారు కామేశం గారు.

"వరలక్ష్మండి. రేవు కాడ ఉంటామండి. ఏడేళ్లండి. ఆయాసమండి."

చెప్పింది అప్పాయమ్మ. గంప నెత్తిన పెట్టుకుని వీధుల్లో చేపలమ్ముతుంది. ఆవిడ ఈ వీధిలో కేకేస్తే పక్క వీధిలో పిల్లులు లేచేవి. ఆ గొంతు వెనకాల ఇంకో గొంతు, దారమంత సన్నంగా, ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"నా పేరు... అశ్వినే... కదే... మామ్మా..."

"నోర్ముయ్యవే. ఊపిరందదు గాని మాటలందుతాయి!"

కామేశం గారి వేళ్లు ఆగిపోయాయి. ఉద్యోగంలో చేరాక మొదటిసారి తలెత్తి చూశారు. పిల్ల భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. గొంతు కింద గుంట లోపలికి పోయి వస్తోంది. పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి. నర్సు వీరవేణి వచ్చి పిల్లని ఎత్తుకుని ఆవిరి మిషను దగ్గరికి పరిగెత్తింది.

"అప్పాయమ్మా, ఈ పిల్ల అశ్వినా, వరలక్ష్మా?"

"ఇంటికాడ అశ్వినండి. ఈ పూటకి వరలక్ష్మండి."

"కిందటిసారి?"

"దుర్గండి. అంతకు ముందు పార్వతండి. అట్లతద్దప్పుడు రత్నమండి. మొదటిసారొక్కటే అశ్వినండి."

"ఎందుకమ్మా?"

అప్పాయమ్మ ఆయన వంక జాలిగా చూసింది. "ఏంటండి బాబుగారూ, చదువుకున్నోరు. అశ్వినికొచ్చిన రోగం మళ్లీ అశ్విని కోసమే కదండి వచ్చేది? వచ్చి చూస్తే అశ్విని లేదు, దుర్గుంది. ఎల్లిపోద్దండి."

"వెళ్లలేదు కదా?"

"కనిపెట్టేస్తందండి. అందుకే మారుస్తన్నాం."

పిల్లకి ఆవిరి పట్టించి వీరవేణి తిరిగొచ్చింది. "వచ్చేవాళ్లందరూ అంతేనండి. మా మేనల్లుడు మీ కంప్యూటర్లో నాలుగు పేర్ల మీదున్నాడు. మీకు తెలుసనుకున్నాను" అంది.

కామేశం గారు మందు సంగతి, శనివారం సంగతి అప్పాయమ్మకి విడమరిచి చెప్పారు. ఐదు పేర్లనీ కలిపి ఒక్క అశ్విని కింద రాస్తే చాలునన్నారు.

"అయ్యబాబోయ్! ఐదుగురి రోగం తెచ్చి నా మనవరాలి ఒక్కదాని నెత్తిన పెడతారా? ఆ రత్నం ఆయాసం ఎంత చెడ్డదో తెలుసా అండి మీకు?"

డాక్టరు గారొచ్చి ఊపిరితిత్తుల బొమ్మ గీసి, ఇంగ్లీషు కలిపి చాలాసేపు బోధించారు. అప్పాయమ్మ ఎంతో మర్యాదగా ఆయ్, ఆయ్ అంటూ విని, "అయితే వరలక్ష్మనే రాసుకోండి" అంది.

ఆవిడకి చెప్పకుండా కలిపేయడం ఎంత పని? కాని రోజూ పొద్దున్నా సాయంత్రం ఆ మందు పీల్పించాల్సింది అప్పాయమ్మ. అశ్విని పేరున్న మందు ఇంటికెళితే ఆవిడ గోదాట్లో పారేస్తుంది. కామేశం గారు సాయంత్రం బ్రిడ్జి దాటి కొవ్వూరులో ఇంటికెళుతూ కూడా ఆ పిల్ల గొంతు కింద గుంటనే చూస్తున్నారు.

ఇంట్లో భార్య బుల్లెమ్మ గారు వంకాయలు తరుగుతూ అంతా విన్నారు.

"మా అన్నయ్యని తవిటయ్య అని ఎందుకంటారనుకున్నారు? పుట్టినవాళ్లెవరూ దక్కకపోతుంటే మా అమ్మ వాణ్ణి చేటెడు తవుడికి పక్కింటావిడకి అమ్మేసింది. అమ్మినింటి రోగం కొన్నవాళ్ల గడప తొక్కదు. మళ్లీ వాణ్ణి పెంచింది మా అమ్మే అనుకోండి. మీరు గుర్తుపట్టలేదు గాని, వాడు ఇప్పటికీ రాయిలా ఉన్నాడు."

శుక్రవారం పొద్దున్న కామేశం గారు పాత మిల్లులో సంచీడు తవుడు పోయించుకుని, చంకలో చేట పెట్టుకుని బస్సెక్కారు. ఆసుపత్రి హాల్లో, టీకాల బోర్డు కింద, చేటలో తవుడు పోశారు. రాత్రంతా పిల్లతో ఆసుపత్రిలోనే ఉన్న అప్పాయమ్మ సంగతి విని, వేలితో తవుడు కెలికి చూసింది.

"ఇంతేనా అండి? ఏడేళ్లు పెంచానండి. దీనికి కొర్రమీను కూడా రాదండి."

"చేటెడే కదమ్మా ఆనవాయితీ."

"అది పురిటి బిడ్డకండి. ఇది రెండో తరగతండి."

పుట్టి బుద్ధెరిగి చేప బేరం చెయ్యని కామేశం గారు చేటన్నర దగ్గర ఓడిపోయారు. అమ్మే బిడ్డని చేటలో పెట్టి ఇవ్వాలి, అశ్విని అందులో పట్టదు గనక ఒక కాలు పెట్టింది. వీరవేణి సాక్ష్యం. ఆయన లోపలికెళ్లి టైపు చేశారు. పేరు తవిటమ్మ. తండ్రి పేరు కామేశం. దుర్గ, పార్వతి, రత్నం, వరలక్ష్మి, పాత అశ్విని, ఐదుగుర్నీ తెచ్చి ఆ పిల్లలో కలిపేశారు.

"మరి వాళ్లందరి ఆయాసం?" అన్నారు, ఎందుకైనా మంచిదని.

"నాకెందుకండి? మీ పిల్ల, మీ ఇష్టం" అంది అప్పాయమ్మ, తవుడు కొంగున మూటగట్టుకుంటూ.

శనివారం ట్రస్టు మనిషి వచ్చేసరికి కిటికీ ముందు చేటలు పట్టుకున్న ముసలమ్మల వరస ఉంది. పెట్టెలు ఉండిపోయాయి. దీపావళి నాటికి ముప్పైమందికి పైగా పిల్లలు కామేశం గారి సంతానమయ్యారు. మిల్లు వాళ్లు, "గేదెలెన్ని కట్టారండి?" అని అడిగారు.

విశాఖపట్నం సభలో డాక్టరు గారు కంప్యూటరు చెప్పింది చెప్పినట్టు చదివారు. పదేపదే ఆయాసం వచ్చే పిల్లల్లో దుమ్ముతో గాని పొగతో గాని పెద్ద సంబంధం తేలలేదు. ఎక్కువమందికి తండ్రి మాత్రం ఒక్కడే. అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్ద ప్రొఫెసరు గారు కళ్లజోడు తీసి, "ఆ కామేశం అనే ఆయన్ని పరీక్ష చేశారా?" అని అడిగారు.

సోమవారం డాక్టరు గారు బూట్లు బయట విడిచి వచ్చి, కామేశం గారి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టారు. పీల్చమన్నారు, వదలమన్నారు. ఊపిరి శుభ్రంగా ఉంది. డాక్టరు గారు కొంచెం నిరుత్సాహపడినట్టే కనిపించారు. ఆ వారమే కామేశం గారు కంప్యూటరులో కొత్త గడి ఒకటి చేర్చారు. అప్పటినుంచి కన్న తండ్రికొకటి, కొన్న తండ్రికొకటి.

మళ్లీ వానలొచ్చాయి. గోదావరి ఎర్రబడింది. ఒక ఆదివారం కామేశం గారు అరుగు మీద పేపరు చదువుకుంటుంటే వీధి మొదట్లోంచి కేక వినిపించింది.

"నాన్నగారో...య్! పులస తెచ్చానండో...య్!"

ఆ వీధిలో ఉల్లిపాయ కూడా ముట్టని ఇళ్లు ఏడెనిమిదున్నాయి. అన్నిటి తలుపులూ తెరుచుకున్నాయి. కేక మధ్యలో ఎక్కడా తెగలేదు. దారమంత గొంతు కాదది, అప్పాయమ్మ గొంతే, వయసు తగ్గి వచ్చినట్టుంది. పిల్ల వీధంతా పరిగెత్తుకొచ్చింది. ఆగి, రొప్పకుండా, అదే మాట మళ్లీ అంది. వెనక నెత్తిన గంపతో అప్పాయమ్మ తాపీగా వస్తోంది.

బుల్లెమ్మ గారు ఎదురింటివాళ్ల వంక చూశారు. ఎదురింటివాళ్లు కామేశం గారి వంక చూశారు. కామేశం గారు తలెత్తి పిల్ల గొంతు కింద చూశారు. గుంట కదలడం లేదు.

"చేప బయటే ఉండనీ. నువ్వు లోపలికి రావే, మజ్జిగిస్తాను" అన్నారు బుల్లెమ్మ గారు.

సోమవారం కామేశం గారు తవిటమ్మ వివరాలు తెరిచి, ఊపిరి ఎలా ఉందన్న గడిలో టైపు చేశారు: 'వీధి మొదట్లో అరిస్తే చివరి ఇంటికి వినిపించింది. సాక్షులు, వీధి వీధంతా.'