పక్కనే నడిచిపోయే ఇంజినీరు

అంబత్తూరులో బస్సెక్కి, ఆఫీసులో నా కింద పనిచేసే అతనికి ఫోన్‌లో ఏదో పని పురమాయించాను. చుట్టూ తమిళమే వినిపించే ఆ బస్సులో నా తెలుగు విని పక్క సీటులోని యాభై ఏళ్ల ఆమె పలకరించింది. ఫ్యాక్టరీలో ఇత్తడి కుళాయిలకు మెరుగు పెడుతుందట. గీతలు పడిన సరుకు ఎక్కువైందని వచ్చే నెల తమ సెక్షన్ మూసేస్తున్నారని చెప్పింది.

సంచిలోంచి సైకిల్ ట్యూబు ముక్క చుట్టిన ఇనుప కొక్కెం తీసింది.

"కుళాయిని దీనికి తగిలిస్తే ఒక్క గీత పడదు సార్. నేనే చేసినాను."

"ఇంజినీరుకు చూపించలేదా?"

"ఆయన దినామూ నా పక్కనే పోతాడు. సూపర్‌వైజరును దాటి మాట్లాడకూడదు. సూపర్‌వైజరేమో, నీకెందుకమ్మా, పని చూడు అనేసినాడు."

"ఇప్పుడైనా నేరుగా చెప్పండి."

"ఆడ ఇంకో సెక్షన్‌లో పని కావాలంటే సూపర్‌వైజరే గదా సార్ మంచిమాట చెప్పాల."

కొక్కేన్ని తిప్పి చూసి ఇచ్చేశాను.

చూలై స్టాపులో దిగబోతూ అడిగింది. "మీ కిందోళ్లు మీతో నేరుగా మాట్లాడొచ్చునా సార్?"

"మాట్లాడొచ్చు," అన్నాను.

ఆమె సంతోషంగా తలూపి దిగిపోయింది. అలా వచ్చి మాట్లాడినవాళ్లు ఒక్కరైనా గుర్తొస్తారేమోనని ఇల్లు చేరేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.