కాజాలక్క పద్నాలుగు నెలలు

అందరూ ఆమెను కాజాలక్క అనేవారు. దర్జీ దుకాణంలో మాస్టారు మిషను మీద చొక్కా కుట్టి పక్కకు విసిరితే, దానికి కాజాలు తీసి గుండీలు కుట్టే పని ఆమెది. కత్తెర మొనతో చిన్న గాటు పెట్టి, దాని అంచు చుట్టూ దారం దగ్గర దగ్గరగా వేసుకుంటూ పోవాలి. ఇరవై ఏళ్లుగా వంచిన మెడ ఎత్తకుండా అదే పని. అందుకే వీపులో నొప్పి మొదలైనప్పుడు ఆమెతో సహా ఎవరూ పట్టించుకోలేదు.

"వంగి కుట్టేవాళ్లకి నడుంనొప్పి రాక, పడుకుని తినేవాళ్లకి వస్తుందా?" అన్నాడు మాస్టారు.

సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. ఒకరోజు పొద్దున దుకాణం మెట్లెక్కుతుంటే కుడికాలు లేవలేదు. రెండో మెట్టు మీదే కూలబడిపోయింది. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ అయ్యాక డాక్టరమ్మ తేల్చి చెప్పింది: వెన్నుపూసకు క్షయ.

"ఏడాదికి పైగా మందులు వాడాలి. కొన్ని నెలలు మంచం దిగకూడదు. మధ్యలో మానేశావో, కథ మళ్లీ మొదటికొస్తుంది."

వాళ్లది మేడ మీద రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన చెక్క మంచం వేశారు. భర్త గోడలకు రంగులేసే మనిషి. పొద్దున్నే నిచ్చెన భుజాన వేసుకుని వెళితే చీకటి పడేవేళకు వచ్చేవాడు. ఇక పగలంతా ఇంట్లో మిగిలింది ఆమె, అత్తగారు. పదహారేళ్లుగా ఆ ఇద్దరి మధ్య పెద్ద పోట్లాటా లేదు, పెద్ద ప్రేమా లేదు. కూరలో ఉప్పు దగ్గర తగువు పడేవారు, కూర అయిపోగానే తగువూ అయిపోయేది. ఇప్పుడు ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, అన్నం తినిపించడం అన్నీ అత్తగారి మీదే పడ్డాయి.

మాత్రలు మొదలుపెట్టిన మర్నాడు మూత్రం నారింజ రంగులో వచ్చింది. అత్తగారు బెడ్‌పాన్ పట్టుకుని బిత్తరపోయింది. "ఇదేమిటే, మావాడు గోడలకి చాలక నీ లోపల కూడా రంగు కలుపుతున్నాడా?" అంది. కోడలికి నవ్వొచ్చింది. నవ్వితే వెన్ను కలుక్కుమంది.

అత్తగారికి ఎడమచెవి బొత్తిగా వినపడదు. దాంతో దేవుడికీ వినపడదేమో అన్నట్టు గట్టిగా మొక్కుకునేది. ఆఫీసులో గుమాస్తాను నిలదీసినట్టు ఉండేది ఆ ప్రార్థన: "ఇవాళ్టికి ఎన్నోసారి చెప్పడం? దాని కాళ్ల సంగతి ఎప్పుడు చూస్తావు?" కాజాలక్క లోలోపలే అడుక్కునేది. మొదట్లో "లేపు తండ్రీ" అని. తరవాత "నాకే ఎందుకు?" అని.

ఆరో నెలలో ఆమెను స్ట్రెచర్ మీద కిందికి దించి తీసుకెళ్లి మళ్లీ ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుగుకేసి పట్టుకుని చూసింది. "ఫోటోలో పెద్దగా మార్పు లేదు. కానీ పాడవడం ఆగింది. అది మంచిదే" అంది. కాజాలక్క చెవికెక్కింది మొదటి మాటే.

ఇంటికొచ్చాక ఆమె మొక్కుకోవడం మానేసింది. మాత్రలు నోట్లో వేసుకుని, అత్తగారు అటు తిరగగానే తీసి దిండులో దాచేది. నాలుగోరోజు మధ్యాహ్నం దిండు గలేబు మారుస్తుంటే అవి నేల మీద రాలాయి. అత్తగారు ఒక్కొక్కటీ ఏరి కొంగులో పోసుకుంది. కోడలు తిట్లకు సిద్ధమై కళ్లు మూసుకుంది. ముసలామె మంచం పక్కన చతికిలబడింది.

"ఆయన మీద అలిగావా?"

"ఎవరి మీద అత్తయ్యా?"

"పైవాడి మీద."

"ఆయనకి నేనున్నానని గుర్తుంటేగా అలగడానికి!"

అత్తగారు తన ఎడమచెవి తడుముకుంది. "ఈ చెవి పోయినప్పుడు నేనూ ఇలాగే అలిగాను. చీము పట్టి, నొప్పికి గోడకి తల కొట్టుకునేదాన్ని. బాగుచెయ్యమని ఏళ్ల తరబడి అడిగాను. బాగుచెయ్యలేదు."

"మరి ఇంకా ఎందుకు అడుగుతావు?"

"రెండోది ఉంచాడుగా. రోజూ పడుకునేటప్పుడు ఎడమచెవి దిండుకి ఆనించి, ఇది పైకి పెట్టుకుంటా. నువ్వు మూలిగితే వినపడాలని. ఆయన దయ ఇంకెంత ఉందో నాకు తెలీదమ్మా. నాకు దొరికినంత నీకు వాడుతున్నా." ఆమె లేచి కొత్త మాత్రలు తెచ్చింది. "నీకు అడిగే ఓపిక లేకపోతే పడుకో. నీ వంతు కూడా నేనే అడుగుతా. ఇవి మాత్రం నేను మింగలేను."

కాజాలక్క చాలాసేపు ఏడ్చింది. ఆ తరవాత మాత్రలు మింగింది.

మర్నాడు ఆమెను మళ్లీ ఆసుపత్రికి మోయించుకెళ్లి జరిగింది చెప్పుకున్నారు. డాక్టరమ్మ ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టింది. మందులు కొనసాగాయి. కాజాలక్క మళ్లీ మొక్కుకోవడం మొదలుపెట్టింది కానీ, ఇప్పుడు లేపమని అడగలేదు. "ఈ పూట గడిపించు తండ్రీ" అనేది. పూట గడిచేది. కొన్ని పూటలు కష్టంగానే గడిచాయి.

చేతులు ఆడించడానికి అభ్యంతరం లేదని తెలిశాక మాస్టారికి కబురు పెట్టింది. ఆయన నాలుగు చొక్కాలు పంపాడు. వెల్లకిలా పడుకుని, బట్టను ముఖానికి పైన పట్టుకుని కుట్టింది. నాలుగూ తిరిగొచ్చాయి, "కాజాలు వంకర. జాలిపడి తీసుకోలేను" అన్న మాటతో. విప్పి మళ్లీ కుట్టింది. రెండోసారి ఒక్కటే తిరిగొచ్చింది.

పదో నెలలో నడుముకు బెల్టు కట్టి కూర్చోబెట్టారు. గది గిర్రున తిరిగి, అత్తగారి భుజం మీద వాంతి చేసుకుంది. పన్నెండో నెలలో గోడ పట్టుకుని నిలబడింది. పద్నాలుగో నెలలో, భర్త వెనకాలే ఒక్కో మెట్టూ దిగి వీధిలోకి వచ్చింది. ఎండ కళ్లలో పడితే చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపు నిలబడి, "ఇక పైకి పోదాం" అంది.

వీపులో చిన్న గూను మిగిలిపోయింది. నీళ్లబిందె ఎత్తకూడదు. దుకాణంలో పూటపనే. అరగంటకోసారి లేచి గుమ్మందాకా నడిచి రావాలి. అలా నడుస్తుంటే ఒకరోజు మాస్టారు అడిగాడు, అన్నాళ్లు ఎలా ఓర్చుకున్నావని.

"ఓర్చుకోలేదు మాస్టారూ. మధ్యలో వదిలేశాను కూడా. పైవాడే వదల్లేదు" అంది కాజాలక్క. మళ్లీ కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంది.